సిర్పూర్‌లో నేను పెట్టిన కొబ్బరికాయ

పెళ్ళి మాటలు మాట్లాడుకోవాలంటే ఎవరైనా మనింటికొస్తారు, లేదంటే మనల్ని వాళ్ళింటికి పిలుస్తారు. మా అమ్మాయి చేసుకుంటానన్న అబ్బాయి తాతగారు మాత్రం మమ్మల్ని సిర్పూర్ రమ్మన్నారు. "మీ ఇంట్లో అయితే మేం కుర్చీ అంచున కూర్చోవాలి, మా ఇంట్లో అయితే మీరు కూర్చోవాలి. అక్కడ అందరం నేలమీదే కూర్చుంటాం," అని మనవడితో కబురు పెట్టారు.

సిర్పూర్ మేముండే భిలాయికి పక్కనేమీ లేదు. రాయపూర్ దాటి, ఆరంగ్ దాటి, మహానది వంతెన దాటి, అడవిలోకి తిరిగితే వస్తుంది. వెయ్యేళ్ళకు పైమాటే, బౌద్ధ భిక్షువులు ఉండి చదువుకున్న విహారాలు అక్కడ తవ్వకాల్లో బయటపడ్డాయి. స్కూలు పిల్లల్ని రెండుసార్లు పిక్నిక్‌కి తీసుకెళ్ళాను గానీ అప్పుడు నా కళ్ళు పిల్లల తలలు లెక్కపెట్టడం మీదే ఉండేవి. బుద్ధుణ్ణి ఒక్కసారీ సరిగ్గా చూసిన పాపాన పోలేదు. పెద్దాయన మాత్రం ఏడాదికోసారి వెళ్ళి దణ్ణం పెట్టుకుని వస్తారట.

మేం క్రైస్తవులం. మా ఆయన ఉక్కు ప్లాంటులో రైలు పట్టాలు తయారయ్యే మిల్లులో ఫోర్‌మన్, చర్చిలో సంఘపెద్ద. నేను టీచర్ని. ఉండేది టౌన్‌షిప్ క్వార్టర్లో. వాళ్ళు బౌద్ధులు, అంటరానివాళ్ళన్న ముద్ర వద్దని మతం మారినవాళ్ళు. పెద్దాయన ప్లాంటు కట్టే రోజుల్లో నాగపూర్ వైపు నుంచి కూలికొచ్చి క్యాంప్ 2 అనే కూలీల బస్తీలో స్థిరపడ్డారు. కొడుకు పోయాడు. కోడలు కుట్టుమిషన్ మీద పిల్లవాణ్ణి చదివించింది. ఆ పిల్లవాడూ మా అమ్మాయీ దుర్గ్‌లో ఒకే బ్యాంకులో పనిచేస్తున్నారు. మూడేళ్ళుగా స్నేహం.

మా ఇంట్లో మూడు నెలలు యుద్ధం జరిగింది. బాప్తిస్మం లేకుండా చర్చిలో పెళ్ళి జరగదు, అబ్బాయి బాప్తిస్మం తీసుకోడు. చివరికి రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాల పెళ్ళికి మా ఆయన ఒప్పుకున్నారు. ఇక మిగిలింది పెద్దాయన మాట. క్రైస్తవులు మనవణ్ణి కలిపేసుకుంటారని ఆయనకు అనుమానం. "ఆజోబా వద్దంటే వాడు చేసుకోడు మమ్మీ," అంది మా అమ్మాయి. ఆజోబా అంటే మరాఠీలో తాత. "వాడు చేసుకోకపోతే నేను ఇంకెవర్నీ చేసుకోను. బస్, అంతే." అది అంతే అంటే అంతే. మొండితనంలో అచ్చం వాళ్ళ నాన్న.

ఇక్కడ ఒక సంగతి చెప్పేయాలి, లేకపోతే నా భయం ఏమిటో తెలీదు. మా ఆయనది విజయనగరం వైపు ఒక పల్లె. ఊరు కాదు, ఊరికి అవతలుండే మాలపేట. నాదీ అలాంటి పేటే, జిల్లా వేరు. ఉద్యోగంలో చేరిన కొత్తలో హాస్టల్లో ఒక తెలుగాయన "మీరేవిట్లు?" అని అడిగాడట. "క్రిస్టియన్స్‌మి," అన్నారు ఈయన. "అది సరే, ముందు?" అన్నాడట అవతలాయన. ఈయన ఒక్క క్షణం ఆలోచించి, "భూములున్నోళ్ళమే, తాతల కాలంలో మతం పుచ్చుకున్నాం," అనేశారు. ఆ ఒక్క ముక్క ముప్పై ఏళ్ళు మాతో కాపురం చేసింది. నేను కాదనలేదు. కాదనకపోగా, మా అత్తవారికి కొబ్బరితోట ఉండేదని స్టాఫ్‌రూములో నేనే ఒకసారి అతికించాను. అమ్మాయిని ఊరు తీసుకెళ్తే ఎక్కడ తెలిసిపోతుందోనని సెలవులకి విశాఖలో మా అన్నయ్య ఇంటి నుంచే తిప్పి తెచ్చేసేవాళ్ళం. అది పుట్టింది, పెరిగింది, ఉద్యోగం చేస్తోంది, ఈ మాటే నమ్ముకుని.

ఇప్పుడు పెద్దాయన అదే ప్రశ్న అడిగితే? మళ్ళీ అబద్ధం చెప్తే, పైకులం వాళ్ళతో మనకెందుకని ఆయన లేచిపోవచ్చు. నిజం చెప్తే ఇన్నేళ్ళు నోటి నిండా అబద్ధం పెట్టుకున్నవాళ్ళ ఇంటికి మనవణ్ణి ఎలా పంపుతారు? పైగా మా అమ్మాయి పక్కనే ఉంటుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. వారం రోజులు నాకు అన్నం సహించలేదు.

భయపడేవాళ్ళు ఊరికే కూర్చోరు, ఏదో ఒక తెలివితక్కువ పని చేస్తారు. ముందురోజు సాయంత్రం నేను ఒంటరిగా సుపేలా బజారుకి వెళ్ళి పూజసామాన్ల కొట్టు ముందు నిలబడ్డాను. పుట్టి బుద్ధెరిగాక పూజకని కొబ్బరికాయ కొన్నది అదే మొదటిసారి. వాళ్ళ దేవుడికి మనం మర్యాద చేస్తే పెద్దాయన మెత్తబడతారని నా ఆలోచన. స్టాఫ్‌రూములో హిందూ టీచర్లు ఏ గుడికెళ్ళినా కాయ కొడతారు కదా, దేవుడన్నాక ఎవరైనా అంతేననుకున్నాను.

"జటావాలా దూఁ, దీదీ?" అన్నాడు కొట్టతను, పిలక ఉన్న కాయ చూపించి.

"ఏది మంచిదైతే అదియ్యి భయ్యా," అన్నాను. ఎవరైనా చర్చివాళ్ళు చూస్తున్నారేమోనని కొంగు తలమీదకి లాక్కున్నాను. అగరొత్తులు, బంతిపూలు కూడా కొన్నాను. దారి పొడుగునా "ప్రభువా, క్షమించు, పిల్ల కోసం," అనుకుంటూనే వచ్చాను. ఏడో తరగతికి బుద్ధుడి పాఠం ఏటేటా చెప్పేది నేనే. ఆ పాఠంలో ఎక్కడా కొబ్బరికాయ లేదన్న సంగతి నా బుర్రకి తట్టలేదు.

ఆదివారం పొద్దున్న మా ఆయన డ్యూటీ పడిందని పాస్టరుగారికి ఫోన్ చేశారు. భిలాయిలో డ్యూటీ అన్నాక ఎవరూ మారు ప్రశ్న వేయరు. అద్దెబండి వచ్చింది. నేను సంచి ఎత్తలేక ఎత్తుతుంటే ఈయన చూడనే చూశారు.

"ఏటే, అంత బరువుంది?"

"పులిహోర, కూర, నీళ్ళు. ఏటుంటాయేటి! మీరెక్కండి ముందు."

అమ్మాయి నా చెవిలో, "మమ్మీ, డాడీ భోజనం దగ్గర లంబీ ప్రార్థన మొదలెట్టకుండా చూడు, ప్లీజ్. మనసులో చేసుకోమను," అంది. సరేనన్నాను. ఈయన ప్రార్థన మొదలెడితే కూర చల్లారిపోవడం మా చర్చిలో అందరికీ తెలిసిన సంగతే. దానికి వాళ్ళ నాన్నంటే భయం. నేనేం చేస్తానోనని దానికి భయం లేదు, పిచ్చిపిల్ల.

క్యాంప్ 2 సందులోకి బండి పోదు. రోడ్డు మీదే ముగ్గురూ నిలబడి ఉన్నారు, పెద్దాయన, కోడలు, పిల్లవాడు. పెద్దాయనకి ఎనభై ఉంటాయి. తెల్ల చొక్కా, తెల్ల పైజామా, నిటారుగా ఉన్న నడుము. మా ఆయన ముందు సీటు ఖాళీ చేయబోతే వద్దని చేత్తోనే వారించి, సరిగ్గా నా వెనక కూర్చున్నారు. ఆయన చూపు నా మెడ మీదే ఉన్నట్టనిపించి రాయపూర్ దాకా తల తిప్పలేదు.

మాటలన్నీ హిందీలోనే. పెద్దాయన తొందరపడే మనిషి కాదు. కుమ్హారీ దాటాక ఒక ప్రశ్న, రాయపూర్ దాటాక ఇంకోటి.

"ఏ జిల్లా మీది?"

"విజయనగరం, దాదాజీ," అన్నారు మా ఆయన.

"ఏం పండుతుంది అక్కడ?"

"వరి, మామిడి, కొబ్బరి."

"మీకుందా పొలం?"

నా చేతిలో నీళ్ళసీసా జారి, ముందు సీటు కిందుగా డ్రైవరు కాళ్ళ దగ్గరికి దొర్లింది. జారిందంటే నేనే వదిలాను. "అయ్యో, అయ్యో, బ్రేకు కింద పడుతుంది, ఆపు భయ్యా!" అని నానా హడావిడీ చేశాను. బండి ఆగింది, సీసా దొరికింది, ప్రశ్న పోయింది. మా ఆయన అద్దంలోంచి నన్ను చూశారు. ఆయన చెవుల వెనక చెమట కారుతోంది, జనవరి నెలలో.

సిర్పూర్ చేరేసరికి పదకొండైంది. ఇటుకల గుడి దగ్గర బస్సులు, పిల్లలు, ఐస్‌క్రీం బండ్లు. పెద్దాయన అటు చూడనైనా చూడకుండా విహారం వైపు నడిచారు. చెప్పులు చాలా దూరంలోనే విప్పేశారు. మేమూ విప్పేశాం. పైకప్పు ఎప్పుడో పోయింది. మోకాలెత్తు, నడుమెత్తు ఇటుక గోడలు, మధ్యలో రాతిపలకల నడవా, చుట్టూ వరసగా చిన్న చిన్న గదులు. పెద్దాయన ఒక్కో గది గడపనీ చేత్తో తాకుతూ వెళ్ళారు. ఒక గది దగ్గర ఆగి మా అమ్మాయిని పిలిచారు.

"బేటీ, ఈ గదుల్ని చూసి, ఎందులో రాజుగారబ్బాయి పడుకున్నాడో, ఎందులో మంగలివాడి కొడుకు పడుకున్నాడో చెప్పగలవా?"

అది అటూ ఇటూ చూసి, "చెప్పలేను దాదాజీ, అన్నీ ఒకే సైజు," అంది.

ఆయన తలూపారు. ఒక మార్కు వచ్చిందనుకున్నాను. టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది!

చివర గర్భగుడి లాంటి గదిలో బుద్ధుడు ఉన్నాడు. పెద్ద విగ్రహం. ఒక చెయ్యి ఒళ్ళో, ఇంకో చెయ్యి నేల వైపు. పెద్దాయన, కోడలు, పిల్లవాడు మోకాళ్ళ మీద కూర్చుని మెల్లగా 'బుద్ధం శరణం' చెప్పుకున్నారు. మా అమ్మాయి వాళ్ళ వెనక తల వంచుకుని నిలబడింది. మా ఆయన పాటల పుస్తకం పట్టుకున్నవాడిలా చేతులు రెండూ ముందుకి కట్టుకుని బిగుసుకుపోయారు. అంతా మూడు నిమిషాల్లో అయిపోయింది. పువ్వు లేదు, పత్రి లేదు.

అప్పుడైనా నాకు బుద్ధి రావాలి కదా! రాలేదు. వీళ్ళేమీ తేలేదు, మనం తెచ్చాం, ఎంత బాగుంటుందో అనుకున్నాను. "మీరు నడవండి, నేనొస్తున్నాను," అని వెనకబడ్డాను. సంచిలోంచి పులిహోర డబ్బా తీసి పక్కన పెట్టి, అడుగునున్న కాయ తీసి బుద్ధుడి ముందు పెట్టాను. బంతిపూలు చుట్టూ పేర్చాను. మూడు అగరొత్తులు వెలిగించి ఇటుకల సందులో గుచ్చాను. తర్వాత ఏం చెయ్యాలో తెలీదు. చేతులు జోడించి కళ్ళు మూసుకుంటే అలవాటైన మాటే వచ్చింది. "పరలోకమందున్న తండ్రీ, నేనెందుకు చేస్తున్నానో నీకు తెలుసు..."

చెవులు చిల్లులు పడేలా విజిల్.

"మేడమ్! నారియల్ నహీఁ! అగర్‌బత్తీ నహీఁ!" కాపలాదారు పరిగెత్తుకొచ్చాడు. ఆ విజిల్‌కి మా వాళ్ళందరూ వెనక్కి వచ్చేశారు. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. అగరొత్తుల పొగ నా ముక్కులోకే వస్తోంది.

"మమ్మీ!" అంది మా అమ్మాయి. సంఘపెద్దగారు తన భార్య ముందున్న పిలక కొబ్బరికాయను చూస్తున్నారు. ఆ మొహం నేను చచ్చేదాకా మర్చిపోలేను.

పెద్దాయన వంగి అగరొత్తులు తీసి నేలకి రాసి ఆర్పేశారు. కాయని చేతిలోకి తీసుకున్నారు. కోపం లేదు, అందుకే నాకు ఇంకా ఎక్కువ భయం వేసింది.

"ఇది మేం వదిలేసిన వస్తువు బేటీ," అన్నారు. "నాకు పదకొండేళ్ళప్పుడు మా నాన్న నాగపూర్‌లో బౌద్ధ దీక్ష తీసుకుని వచ్చి, ఇంట్లో దేవుడి పటాలన్నీ తీసేశాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో కాయ కొట్టలేదు. మా అమ్మకి చాలా కష్టమైంది. అయినా కొట్టలేదు."

"తెలీక చేశాను దాదాజీ. మీకు సంతోషమవుతుందని..."

"తెలీదులే. మీ తప్పు కాదు. మీది పైకులం నుంచి వచ్చిన కుటుంబమట కదా, మా వాడు చెప్పాడు. పైకులంలోంచి దేవుణ్ణి మార్చుకోవడం వేరు. మేం మార్చుకోవడం వేరు. మీకెలా తెలుస్తుంది?"

ఆయన మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే నన్ను క్షమించారు. ఆ క్షమించడంలోనే తలుపు మూసుకుపోయిందని నాకర్థమైంది. మర్యాదగా భోంచేసి, మర్యాదగా తిరిగెళ్ళి, మనవడితో వద్దని చెప్తారు.

"నహీఁ, దాదాజీ."

ఆ గొంతు మా ఆయనదని గుర్తుపట్టడానికి నాకు క్షణం పట్టింది. మిల్లులో రోలింగు చప్పుడు మీద అరిచి అరిచి బండబారిన గొంతు, ఇప్పుడు పిల్లవాడి గొంతులా ఉంది.

"మాది పైకులం కాదు. నేను అబద్ధం చెప్పాను. అమ్మాయికి కూడా అదే చెప్పాను. మాది ఊరవతల మాలపేట. మీరిక్కడేమిటో మేమక్కడ అదే, పేరొక్కటే వేరు." కాయ వైపు చూపించారు. "మా తాత ఇవే దింపేవాడు, పెద్దల తోటలో చెట్లెక్కి. ఆయన దింపిన కాయలే గుళ్ళోకెళ్ళేవి. వెళ్ళేముందు పసుపునీళ్ళు చల్లేవారు. కాయకి అంటు పోయేది. తాతకి పోయేది కాదు. ఒక ఏడు చెట్టు మీంచి పడి కాలు విరిగితే, ముట్టుకుని కట్టు కట్టింది మిషన్ ఆసుపత్రి దొరసాని ఒక్కతే. అందుకని చర్చిలో చేరాడు. నేను సంఘంలో ప్రసంగాలు చేస్తాను దాదాజీ, ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు."

కాపలాదారు కూడా విజిల్ నోట్లోంచి తీసేసి వింటున్నాడు.

నేను మా అమ్మాయి వైపు చూశాను. అది వాళ్ళ నాన్నని చూస్తోంది, ఎవరో తెలీని మనిషిని చూసినట్టు. తర్వాత గిర్రున తిరిగి గదుల వరస వైపు వెళ్ళిపోయింది. వెనకాలే వెళ్ళబోయిన పిల్లవాణ్ణి పెద్దాయన చెయ్యి పట్టుకుని ఆపారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. భయం ఎక్కువైతే నాకు కోపమే వస్తుంది. "దాదాజీ, పొద్దున్నుంచి ఇన్‌స్పెక్షన్‌కొచ్చినట్టు ఒక్కొక్కటీ అడుగుతున్నారు. దాచింది బయటపడింది, చేసిన తప్పు బయటపడింది. ఇంకేముంది మా దగ్గర? అవునో కాదో చెప్పేయండి. నా పిల్ల పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు!"

ఆయన నా మొహంలోకి చూశారు. "ఈ సంగతి నీ కూతురికి ఇవాళే తెలిసిందా?"

"ఇవాళే."

"అయితే ముందు దాని దగ్గరికెళ్ళు. నా జవాబు ఎక్కడికీ పారిపోదు."

మా అమ్మాయి చివరి గదిలో, ఎండ పడని మూల, గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఏడవడం లేదు. నేను పక్కన కూర్చోబోతే కొంచెం జరిగింది, చోటివ్వడానికి కాదు, తగలకుండా ఉండడానికి.

"మూడేళ్ళుగా వాడితో ఏటన్నానో తెలుసా మమ్మీ?" అంది. "నీ కులం నాకు ఫరక్ పడదు అన్నాను. ఎన్నిసార్లో! ఎంత గొప్పగా అన్నానో! మొదటిసారి వాళ్ళింటికెళ్తే వాళ్ళమ్మ నా కోసం గ్లాసు రెండుసార్లు కడిగింది. నేను చూస్తూ కూర్చున్నాను. నీళ్ళు తాగేసి వాడి మొహంలోకి చూశాను, చూశావా తాగాను అన్నట్టు. వాడు థాంక్స్ అన్నాడు మమ్మీ. నాకు. నీళ్ళు తాగినందుకు."

ముప్పై ఏళ్ళు అబద్ధం చెప్పింది దీన్ని కాపాడ్డానికే అనుకున్నాను. ఎవరూ దీన్ని ఒక మాట అనకూడదని, ఏ స్నేహితురాలి ఇంట్లోనూ దీని కోసం వేరే గ్లాసు తియ్యకూడదని. ఆ గ్లాసు చివరికి ఇంకొకావిడ చేత కడిగించాం. సిగ్గేసింది. అంత సిగ్గు నా జన్మలో ఎప్పుడూ పడలేదు. తల నిమరబోయాను.

"ఇప్పుడొద్దు," అంది.

లేచి తనే బయటికి నడిచింది. చెట్టు కింద అబ్బాయి తల్లి దుప్పటి పరిచి డబ్బాలు విప్పుతోంది. ఇది వెళ్ళి ఆవిడ పక్కన చతికిలబడి చెవిలో ఏదో చెప్పింది. చాలాసేపే చెప్పింది. ఆవిడ ముందు దీని బుగ్గ మీద చిన్నగా ఒకటి వేసింది, తర్వాత నవ్వింది, తర్వాత పూరీ చుట్టి దీని నోట్లో కుక్కింది. పిల్లవాడు దూరంగా నిలబడి గడ్డి పీకుతున్నాడు. ఇది వాణ్ణి పిలిచి పక్కన కూర్చోమంది. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు, వినే హక్కూ లేదనిపించింది.

భోజనాల దగ్గర మా ఆయన ఆకు ముందు కళ్ళు మూసి, వెంటనే తెరిచేశారు.

"ప్రార్థన చేసుకోరా మీరు?" అన్నారు పెద్దాయన.

"చేసుకున్నాను. మనసులో."

"మనసులో దాచినవి చాలు ఈ రోజుకి. పైకే చెయ్యండి, మేమూ వింటాం."

మా ఆయన జీవితంలో అంత పొట్టి ప్రార్థన చేయడం నేను చూడలేదు. అన్నానికి, పక్కన కూర్చున్నవాళ్ళకి కృతజ్ఞతలు చెప్పి ఆమెన్ అనేశారు. పులిహోర బాగుందని అబ్బాయి తల్లి రెండోసారి వడ్డించుకుంది. నాకు మాత్రం ముద్ద దిగలేదు. జవాబు ఇంకా రాలేదు.

తిరుగు దారిలో ఆరంగ్ దగ్గర టీ తాగడానికి ఆగాం. మట్టి ముంతలో టీ ఊదుకుంటూ పెద్దాయన మా ఆయనతో అన్నారు. "మా వాణ్ణి మీరు నీళ్ళలో ముంచుతారని భయపడి వచ్చాను. పొద్దున్న బండెక్కినప్పుడు వద్దనే చెప్దామనుకున్నాను. పెద్దింటి అల్లుడై, మా క్యాంపు పేరు చెప్పుకోవడానికి వాడు సిగ్గుపడతాడేమోనని. ఇప్పుడు ఆ భయం లేదు. సంతకాల పెళ్ళి చేద్దాం. మీ అమ్మాయి చర్చికి మీ అమ్మాయి వెళ్తుంది, మా వాడు విహారానికి వెళ్తాడు."

మా ఆయన రెండు చేతులూ పట్టుకున్నారు ఆయనవి. అబ్బాయి తల్లి నన్ను "సమధన్ జీ" అంది, వియ్యపురాలా అని. వారం రోజులుగా దేని కోసం తిండి మానేశానో అది చేతికొచ్చింది. అయినా నా చూపంతా మా అమ్మాయి మీదే ఉంది. అది నవ్వింది, పెద్దాయన కాళ్ళకి మొక్కబోతే ఆయన వద్దని పైకి లేపారు. మా వైపు చూడలేదు.

బండి కదిలాక అది తెలుగులో మాట్లాడింది. మామూలుగా నాలుగు మాటల్లో మూడు హిందీవే దానికి. ఇప్పుడు ఒక్కటి కూడా రాలేదు.

"డాడీ, పెళ్ళికార్డు మీద మన ఊరి పేరు వేస్తారు కదా. దాని పక్కన పేట పేరు కూడా వేయించండి. అలా అయితేనే నాకు కార్డు కావాలి."

ముందు సీట్లో మా ఆయన కదల్లేదు. ఆ కార్డులు మిల్లులో, చర్చిలో, క్వార్టర్ల వరసలో గడప గడపకీ వెళ్ళి ఇవ్వాల్సింది ఆయనే. ఇంకో రెండేళ్ళు ఉద్యోగం ఉంది. రాయపూర్ దీపాలు కనపడ్డాయి, రింగురోడ్డు వచ్చింది, వెళ్ళిపోయింది. ఈయన ఒప్పుకోరు, ఇంత దూరం వచ్చి ఇక్కడ ఆగిపోతుంది అని నేను చెంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను.

"వేయిద్దాం," అన్నారు, వెనక్కి తిరక్కుండానే. తర్వాత తనే, "మాలపేట అనే వెయ్యాలి. పెద్దక్షరాలక్కర్లేదు, చిన్నవీ వద్దు. మిగతావాటంతే ఉండాలి," అన్నారు.

నాకు భోరున ఏడుపొచ్చింది. మా అమ్మాయి ముందుకి వంగి వాళ్ళ నాన్న భుజం మీద చెయ్యి వేసింది, భిలాయి వచ్చేదాకా తీయలేదు. నా భుజం మీద వేయడానికి దానికి ఇంకో నెల పట్టింది.